స్వామి జ్ఞానానంద - ఎలక్ట్రాన్లను కొలిచిన సన్యాసి



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యవర్గ సభ్యులు కోరారు. ఇటువంటి సంచికల్లో సాధారణంగా స్వాతంత్ర్య సమరయోధులు, కవులు, సంఘ సంస్కర్తల జీవితాలు వస్తుంటాయి. అవి రావలసినవే. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఒక భౌతికశాస్త్రవేత్తను ఎంచుకున్నాను. విచిత్రమేమిటంటే ఆయన సన్యాసి కూడా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిన స్వామి జ్ఞానానంద గారు ఆయన.

గోదావరి జిల్లా మనిషి గురించి సదాశివనగర్‌లో కూర్చుని రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. ఆయన జీవితంలో ముఖ్యమైన పని మొదలుపెట్టిన వయసు, మనలో చాలామందిమి రిటైర్మెంటు ఆర్డరు అందుకున్న వయసు దాదాపు ఒకటే. ఇది మొదటి కారణం. ఆయన జీవితకాలం కొలుస్తూ వచ్చిన ఎలక్ట్రాన్లు ఈనాడు మన పల్లెల్లోని ఇళ్లకు కూడా సంబంధించిన విషయం అయ్యాయి. కాన్సరు వచ్చినవారికి కరెంటు పెట్టారని మన వైపు అంటారే, ఆ కరెంటు వెనుక ఉన్నవి ఆ ఎలక్ట్రాన్లే. ఇది రెండో కారణం. దాని సంగతి చివర్లో చెబుతాను.

గొరగనమూడి నుంచి హిమాలయాలకు

స్వామీజీ పూర్వాశ్రమంలో పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో జన్మించారు. తండ్రి గారికి వేదశాస్త్ర గ్రంథాల మీద మక్కువ. ఆ వాతావరణంలోనే పిల్లవాడు పెరిగాడు. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్నాడు.

ఆయన పుట్టిన సంవత్సరాన్ని ఒకసారి గమనించండి. అదే 1896లో పారిస్ నగరంలో హెన్రీ బెకరల్ అనే శాస్త్రజ్ఞుడు యురేనియం లవణాల నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తున్నాయని కనిపెట్టాడు. దానినే తరువాత రేడియోధార్మికత అన్నారు. మరుసటి ఏడు 1897లో కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. అంటే గొరగనమూడిలో ఆ పిల్లవానికి ఏడాది నిండకముందే, ఆయన జీవితమంతా వెంబడించబోయే రెండు విషయాలూ లోకానికి తెలిసిపోయాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆ ఇంట్లో ఉన్నవి ఉపనిషత్తులు.

యువకుడైన తరువాత ఆయన మనసు సంసారం మీద నిలవలేదు. ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్లి హిమాలయ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. మామూలుగా మన దేశంలో ఒక మనిషి కథ ఇక్కడితో ఒక దారిన పడుతుంది. ఆశ్రమం కడతారు, శిష్యులు చేరతారు, ప్రవచనాలు సాగుతాయి. జ్ఞానానంద గారి కథ అలా సాగలేదు.

యోగం చెప్పడానికి వెళ్లి భౌతికశాస్త్రం నేర్చుకున్న మనిషి

1927లో ఆయన ఐరోపా వెళ్లారు. జర్మనీలో యోగం గురించి, భారతీయ తత్వశాస్త్రం గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. పూర్ణసూత్రాలు అనే గ్రంథం ఆ ఉపన్యాసాల ఫలితమే. అప్పటి జర్మనీలో ఎక్కడ విన్నా ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మాటే. డ్రెస్డెన్ నగరంలో ఉన్న కాలంలో ఆ సిద్ధాంతం ఆయనను ఆకట్టుకుంది. దాన్ని పైపైన విని, మన వేదాల్లో ఇదంతా ఎప్పుడో ఉందని చెప్పి ఊరుకోవడం తేలిక. ఆయన ఆ పని చేయలేదు. గణితం, భౌతికశాస్త్రం క్రమంగా చదవడం మొదలుపెట్టారు. అప్పటికి వయసు ముప్పై దాటింది. కాషాయం కట్టిన గురువుగా పేరు వచ్చిన తరువాత మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో మనలాంటి ఉద్యోగస్తులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రమోషన్ వచ్చాక డిపార్ట్‌మెంటల్ పరీక్షకు కూర్చోవడానికే మనం ఎంత మొహమాట పడ్డామో గుర్తు చేసుకోండి.

అక్కడి నుంచి ఆయన చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరానికి వెళ్లారు. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాట్స్‌లావ్ డోలెయ్‌షెక్ అనే ఆచార్యుని దగ్గర ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేసి 1936లో డాక్టరేటు పొందారు. ఎక్స్ కిరణాల తరంగదైర్ఘ్యాన్ని అతి సూక్ష్మంగా కొలవడం ఆ ప్రయోగశాల ప్రత్యేకత. ఆ గురువు గారి తరువాతి గతి విచారకరమైనది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు ఆయనను నిర్బంధించగా 1945 జనవరిలో టెరెజీన్ చెరసాలలో మరణించాడు. శిష్యుడు అప్పటికే ఇంగ్లండు చేరి మరో గురువు దగ్గర పనిచేశాడు.

చాడ్విక్ గారి ప్రయోగశాల

ఆ రెండో గురువు జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టి, అందుకు 1935లో నోబెల్ బహుమతి పొందినవాడు. అదే 1935లో ఆయన లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి ఆచార్యునిగా వచ్చాడు. అక్కడ సైక్లోట్రాన్ అనే యంత్రాన్ని కట్టడం ప్రారంభించాడు. 1939లో అది పనిచేయడం మొదలైంది. జ్ఞానానంద గారు ఆ విశ్వవిద్యాలయంలోనే బీటా కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేసి పిహెచ్.డి. పట్టా పొందారు.

బీటా కిరణాలంటే పరమాణు కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు. వాటి వేగాన్ని తెలుసుకోవడానికి అయస్కాంతాన్ని ఉపయోగిస్తారు. అయస్కాంత క్షేత్రంలోకి అడ్డంగా వచ్చిన ఎలక్ట్రాన్ దారి వంగిపోతుంది. మన ఊరి మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారిని తలచుకోండి. నెమ్మదిగా పోయే స్కూటరు చిన్న మలుపులోనే తిరిగిపోతుంది. బరువుతో వేగంగా వచ్చే లారీకి పెద్ద మలుపు కావాలి. ఎలక్ట్రాన్లూ అంతే. ఊపు తక్కువున్నది చిన్న వలయంలో, ఊపు ఎక్కువున్నది పెద్ద వలయంలో తిరుగుతుంది. వెయ్యి గాస్‌ల అయస్కాంత క్షేత్రంలో 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్ తిరిగే వలయం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 30 లక్షల వోల్టులదైతే 11, 12 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఏ ఎలక్ట్రాన్ ఎంత దూరంలో వచ్చి పడిందో చూస్తే దాని శక్తి ఎంతో లెక్క తేలుతుంది. ఈ పరికరం పేరే బీటా కిరణ స్పెక్ట్రోమీటర్.

ఇందులో ఒక పెద్ద చిక్కుముడి ఉండేది. ఒకే పదార్థం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లన్నిటికీ ఒకే శక్తి ఉండాలని శాస్త్రజ్ఞులు అనుకునేవారు. అలా లేదని, చిన్నవి, పెద్దవి అన్ని శక్తులతోనూ అవి వస్తున్నాయని 1914లో బెర్లిన్‌లో అయస్కాంతం సాయంతో చూపించినవాడు ఈ చాడ్విక్కే. అప్పుడాయన కుర్రవాడు. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో జర్మనులు ఆయనను బ్రిటిషు పౌరుడని నాలుగేళ్లు శిబిరంలో బంధించారు. మిగతా శక్తి ఎక్కడికి పోతోంది? ఈ ప్రశ్న పదహారేళ్లు తేలలేదు. కంటికి, పరికరానికి చిక్కని మరో కణం దాన్ని పట్టుకుపోతున్నదని 1930లో పౌలీ ఊహించాడు. 1934లో ఫెర్మీ దానికి సిద్ధాంతం కట్టాడు. ఆ న్యూట్రినో ప్రయోగంలో దొరికింది మాత్రం 1956లో. కాబట్టి జ్ఞానానంద గారు చేపట్టిన బీటా కిరణాల కొలతలు అప్పటి భౌతికశాస్త్రానికి చాలా కీలకమైనవి. కొలతలో కొద్ది తేడా వస్తే సిద్ధాంతమే తప్పుదారి పడుతుంది.

ఈ కొలతలకు అయస్కాంతం ఒక్కటే చాలదు. ఎలక్ట్రాన్ అతి తేలికైనది. దారిలో గాలి ఉంటే ఆ అణువులను ఢీకొని శక్తి కోల్పోతుంది. జాతరలో జనం మధ్య పరుగెత్తాలనుకున్నవాని పరిస్థితి దానిది. అందుకని పరికరం లోపలి నుంచి గాలిని దాదాపు పూర్తిగా తోడివేయాలి. పంపులు పెట్టాలి, ఏ అతుకు దగ్గర గాలి లోపలికి చొరబడుతోందో వెతకాలి, ఎంత మిగిలిందో కొలవాలి. జ్ఞానానంద గారు ఈ విద్యలో ఎంత నిష్ణాతులయ్యారంటే, అధిక శూన్యం గురించి ఆంగ్లంలో ఒక పెద్ద శాస్త్రగ్రంథమే రాశారు. హై వాక్యువా అనే ఆ పుస్తకాన్ని 1947లో అమెరికాలోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. ఇంగ్లండు తరువాత ఆయన అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కూడా పరిశోధన చేశారు. శూన్యం గురించి సన్యాసి పుస్తకం రాశాడంటే అది వేదాంతమే అనుకుంటారు. ఆయన రాసినది పంపులు, గేజీలు, లీకుల గురించిన పుస్తకం.

వాల్తేరులో కొత్త పని

1947లో ఆయన భారతదేశానికి తిరిగి వచ్చారు. కొంతకాలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న డాక్టర్ వి. ఎస్. కృష్ణ గారు అణుభౌతికశాస్త్రం అభివృద్ధి చేయడానికి ఆయనను వాల్తేరు రమ్మని ఆహ్వానించారు. 1954లో జ్ఞానానంద గారు అక్కడ చేరారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనలో ఎక్కువమందిమి 58 ఏళ్లకు రిటైరైనవాళ్లం. 57వ ఏట మనం ఏం చేశాం? సర్వీసు రిజిస్టరులో ఎంట్రీలు సరిచూసుకున్నాం. పెన్షన్ కాగితాలు, జి.పి.ఎఫ్. లెక్కలు, కమ్యుటేషన్ ఎంత వస్తుందన్న ఆలోచన. అది తప్పు కాదు, సంసారులకు తప్పదు. ఆయనకు సంసారం లేదు, నిజమే. అయినా ఆ వయసులో కొత్త ఊళ్లో ఏమీ లేని చోట ఒక ప్రయోగశాలను ఆరంభించడం సామాన్యమైన సాహసం కాదు. 1956లో అణుభౌతికశాస్త్రానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. న్యూట్రినో దొరికిన సంవత్సరం కూడా అదేనని ఇందాక చెప్పుకున్నాం. ఆ శాఖలో తెలుగు పిల్లలు బీటా, గామా కిరణాల కొలతలపై పరిశోధనలు చేసి డాక్టరేట్లు పొందారు. వారు మళ్లీ మరెందరికో గురువులయ్యారు. ఆ పరిశోధనశాలకు తరువాత స్వామి జ్ఞానానంద పేరే పెట్టారు. ఆయన 1969 సెప్టెంబరు 21న, 72 ఏళ్ల వయసులో పరమపదించారు.

ఆయన యోగసాధననూ విడిచిపెట్టలేదు, ప్రయోగశాలనూ విడిచిపెట్టలేదు. ఒకదానిని మరొకదానికి సాక్ష్యంగా వాడుకోలేదనేదే ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన విషయం. ధ్యానంలో తెలిసింది ధ్యానంలోనే, కొలతలో తేలింది కొలతలోనే. స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్నప్పుడు స్వామికైనా, సంసారికైనా ముల్లు ఒకే అంకె చూపిస్తుంది.

కరెంటు పెట్టడం అంటే

ఇక మొదట చెప్పిన రెండో కారణానికి వస్తాను. కొన్నేళ్ల కిందట నా భార్యకు రొమ్ము కాన్సరు వచ్చి, ఆపరేషన్ తరువాత హైదరాబాదులో 25 రోజులు రేడియేషన్ ఇచ్చారు. ఆమె ఇంటికి వచ్చాక పలకరించడానికి వచ్చిన చుట్టాల్లో కొందరు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఒంట్లో కరెంటు ఉంటుందని, పిల్లలను దగ్గరికి పంపొద్దని ఒక పెద్దావిడ మంచి మనసుతోనే చెప్పింది. దాంతో మనవరాలిని వారం రోజులు నానమ్మ దగ్గరికి పోనివ్వలేదు. జబ్బు కన్నా, మందు కన్నా ఆమెను ఎక్కువ బాధ పెట్టింది ఆ వారమే. అప్పుడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను. ఏ ఇంట్లోనూ ఏ పెద్దావిడా అలా ఒంటరి కాకూడదన్నదే నా ఉద్దేశం.

ఈనాడు పెద్ద ఆస్పత్రుల్లో ఉండే ఆ యంత్రాన్ని లీనియర్ యాక్సిలరేటర్ అంటారు. అందులో మొదట వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరతాయి. వాటిని గాలి తోడేసిన రాగి గొట్టంలోకి పంపుతారు. ఆ గొట్టంలో వరుసగా చిన్న చిన్న గదులుంటాయి. వాటిలోకి సెకనుకు దాదాపు 300 కోట్ల సార్లు కంపించే మైక్రోవేవ్ తరంగాలను పంపుతారు. పిల్లలు ఉయ్యాల ఊగేటప్పుడు సరైన అదనులో ఒక్కొక్క తోపు తోస్తే ఎంత ఎత్తుకు పోతుందో మీకు తెలుసు. ఎలక్ట్రాన్‌కు ఒక్కొక్క గదిలో అదనుకు ఒక్కొక్క తోపు దొరుకుతుంది. కొన్ని యంత్రాల్లో మీటరు కన్నా తక్కువ పొడవులోనే అది 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని అందుకుంటుంది. అప్పుడు దాని వేగం కాంతి వేగంలో నూటికి 99.7 వంతులు.

ఈ మైక్రోవేవ్‌లను పుట్టించే సాధనాల్లో ఒకటి మాగ్నెట్రాన్. దానిలో కూడా అయస్కాంతమే ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి తరంగాలను పుట్టిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో 1940లో రాండల్, బూట్ అనే ఇద్దరు దాని శక్తివంతమైన రూపాన్ని యుద్ధంలో రాడార్ల కోసం తయారు చేశారు. మన కోడళ్ల వంటింట్లో అన్నం వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉన్నది కూడా దాని వంశమే. యుద్ధం ముగిశాక అదే విద్య వైద్యానికి వచ్చింది. 1953లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రిలో ఇటువంటి యంత్రంతో రోగులకు చికిత్స మొదలైంది.

వేగం అందుకున్న ఎలక్ట్రాన్లను చాలా యంత్రాల్లో ఒక అయస్కాంతం రోగి వైపు వంచుతుంది. ఎక్కువ శక్తి గలది ఎక్కువ వెడల్పుగా, తక్కువ శక్తి గలది తక్కువగా వంగుతుంది కనుక, సరైన శక్తి గల వాటినే ఏరి ముందుకు పంపవచ్చు. చూశారా, ఇది జ్ఞానానంద గారి స్పెక్ట్రోమీటర్ సూత్రమే. గాలి తోడిన గొట్టమూ ఆయన పుస్తకంలోని విద్యే. ఆ యంత్రాన్ని ఆయన కనిపెట్టలేదు. కానీ ఎలక్ట్రాన్‌ను అయస్కాంతంతో వంచడం, శూన్యంలో కాపాడడం, దాని శక్తిని తప్పులేకుండా కొలవడం అనే మూడు విద్యలనూ తెలుగు నేల మీద పాతినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు.

తరువాత ఆ ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ బిళ్లను ఢీకొంటే ఎక్స్ కిరణాలు పుడతాయి. అవే రోగి శరీరంలోని గడ్డ మీద పడతాయి. ఇప్పుడు అసలు సంగతి వినండి. స్విచ్ ఆపగానే మైక్రోవేవ్‌లు ఆగిపోతాయి, ఎలక్ట్రాన్లు ఆగిపోతాయి, కిరణాలూ ఆగిపోతాయి. బల్బు ఆర్పిన గదిలో వెలుతురు మిగలనట్టే, రోగి ఒంట్లో ఏ కిరణమూ మిగలదు. ఆమె మనవరాలిని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. యంత్రం లోపల కోబాల్టు పెట్టి బయటి నుంచి కిరణాలు ఇచ్చే పాత పద్ధతిలోనూ కోబాల్టు యంత్రంలోనే ఉంటుంది, రోగిలోకి రాదు. థైరాయిడ్ కాన్సరుకు ఇచ్చే అయోడిన్ మందు వంటివి వేరు. వాటికి కొద్ది రోజులు పాటించాల్సిన జాగ్రత్తలు డాక్టర్లే చెబుతారు, వాటిని తప్పక పాటించాలి. అనుమానం వస్తే డాక్టరును అడగండి, చుట్టాలను కాదు.

ఎలక్ట్రాన్లను నేరుగా కాక గుండ్రంగా తిప్పుతూ మైక్రోవేవ్‌లతో తోసే యంత్రం కూడా ఉంది. దాని పేరు మైక్రోట్రాన్. 1944లో రష్యా శాస్త్రజ్ఞుడు వెక్స్‌లర్ ఆ ఆలోచన చెప్పాడు. ఎలక్ట్రాన్ ప్రతి చుట్టుకూ ఒకే గది గుండా వచ్చి ఒక తోపు అందుకుని మరింత పెద్ద చుట్టు తిరుగుతుంది. చిన్నవీ పెద్దవీ అయిన గాజులన్నీ ఒక్క చోట ఆనేలా పేర్చినట్టు ఉంటాయి ఆ చుట్లు. మన దేశంలో ఇండోర్‌లో అటువంటి యంత్రం 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులదాకా ఎలక్ట్రాన్లను తోసి ఇండస్ అనే పెద్ద యంత్రాలకు అందిస్తుంది. మంగళూరు విశ్వవిద్యాలయంలోనూ 80 లక్షల వోల్టుల మైక్రోట్రాన్‌ను 1990లలో నెలకొల్పారు.

నా విన్నపం ఒక్కటే. మనకు పెన్షన్ వస్తోంది, తీరిక ఉంది, ఇంట్లో మాట చెల్లుబాటయ్యే వయసూ ఉంది. జ్ఞానానంద గారు ముప్పై దాటాక లెక్కలు నేర్చుకున్నారు, 57 ఏళ్లకు కొత్త శాఖ కట్టడానికి పూనుకున్నారు. మనం అంత చేయనక్కరలేదు. ఊళ్లో ఎవరికైనా రేడియేషన్ ఇచ్చారని తెలిస్తే, ఆ ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుందాం. పిల్లలను కూడా వెంట తీసుకుపోదాం. అలా చేస్తే ఆ మహనీయునికి మనం నివాళి ఇచ్చినట్టే.



- ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, సదాశివనగర్